గౌతమీతీరమున మోడెముల కాలము

యానాము చరిత్రమును వ్రాయబూనినవారు సాధారణముగా 1723వ సంవత్సరముతో ప్రారంభింతురు. ఆ యేట ఫ్రెంచివారు గౌతమీ గోదావరి యొడ్డున వర్తకస్థానమును నెలకొల్పిరి. కొంతకాలము విడిచిపోయి 1731లో మరల వచ్చిరి. తరువాతి కథ పాఠకులకు సుపరిచితమే. ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని నడుమ ఊరు పలుమారులు చేతులు మారుట, 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున విమోచనము, అదే సంవత్సరము నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించుట, 1962 ఆగస్టు 16న న్యాయసమ్మతమైన విలీనము, ఇవి ప్రతి గ్రంథమునను కనబడును. అయితే ఒక యూరి చరిత్ర సంధిపత్రములలోనే ముగియదు. ఆ యూరికి వార్త యే దారిని వచ్చెను, ఏ దారిని పోయెను, ఆ దారిని కాపాడినవా రెవరు అను ప్రశ్నలును చరిత్రకారుడు వేయవలసినవే. ఈ వ్యాసము అట్టి యొక చిన్న దారినిగూర్చినది. 1995కును 2005కును నడుమ టెలిఫోను తీగపై, మోడెమను యంత్రము ద్వారమున, ఇంటర్నెట్టు పల్లెపట్టులకు చేరిన విధమెట్టిది, దానిని నడపినవారి శ్రమ యెట్టిది, యానామువంటి యూరికి దానివలన తెలియవచ్చున దేమి యని విచారించుట దీని ఉద్దేశము.

1. రెండు సరిహద్దులు

యానాము విస్తీర్ణము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ననుసరించి జనసంఖ్య 55,626. పరిపాలనలో ఇది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున నొక భాగము. ఆ రాజధాని ఇచ్చటికి సుమారు 870 కిలోమీటర్ల దూరమున నున్నది. కాకినాడ యన్ననో సుమారు 30 కిలోమీటర్లు. నాలుగు వైపులను వినబడునది తెలుగే. పుదుచ్చేరి అధికారభాషల చట్టము 1965లో యానామున తెలుగునకు అధికారస్థాన మొసగినది.

పటముపై గీసిన యీ సరిహద్దు నందరును ఎరుగుదురు. తపాలావారును టెలిఫోనువారును గీసిన సరిహద్దును గమనించినవారు తక్కువ. పుదుచ్చేరి పట్టణపు పిన్‌కోడు 605తో మొదలగును. యానాము పిన్‌కోడు 533464. ఈ 533 గోదావరి మండలపు సంఖ్య. టెలిఫోను విషయమున నిది మరింత స్పష్టము. ఎస్.టి.డి. సంఖ్య పుదుచ్చేరికి 0413, కారైకాలునకు 04368. మాహే తన పొరుగున నున్న తలశ్శేరి సంఖ్యయైన 0490ని పంచుకొనును. అట్లే యానాము కాకినాడ సంఖ్యయైన 0884ను పంచుకొనును. అనగా ఫ్రెంచి ప్రభుత్వపు వారసత్వముగా వచ్చిన నాలుగు తునకలలో రెండు, టెలిఫోను తీగకు సంబంధించినంతవరకు, తమ భాష మాటలాడు పొరుగువారితోనే కలిసి యున్నవి.

ఈ విషయము చిన్నదిగా తోచవచ్చును. ఆ కాలమున ఒకే ఎస్.టి.డి. సంఖ్యగల ప్రాంతములో పిలుపు స్థానికముగా నుండెను; రాజధానివంటి దూరస్థలమునకు పిలుపు దూరపు పిలుపుగా నుండెను. యానాము నివాసి కాకినాడకు మాటలాడిన స్థానిక రుసుము, తన రాజధానికి మాటలాడిన ఎస్.టి.డి. రుసుము పడెడిది. మాటలకే ఇట్లుండగా, గంటలకొలది పిలుపు నిలిపి యుంచవలసిన మోడెము యుగమున, ఊరు ఏ ఎక్స్ఛేంజికి ముడిపడి యున్నది అనునదే ప్రధాన విషయమాయెను.

2. తీగ యొక్క పూర్వచరిత్ర

భారతదేశమున తంతివార్తలు 1854లో ప్రజలకు అందుబాటులోనికి వచ్చినవి. 2013 జూలైలో ఆ సేవ ముగిసినది. దాదాపు నూట అరువది యేండ్లు నడచిన యీ వ్యవస్థ మన గ్రామములకు నేర్పిన పాఠ మొకటి కలదు: వార్త వేగముగా పోవుటకు తీగ యుండిన చాలదు, తీగ చివర నొక మనుష్యు డుండవలెను.

టెలిఫోను గ్రామములకు చేరుట మిక్కిలి ఆలస్యమైనది. విదేశములనుండి తెచ్చిన పెద్ద ఎక్స్ఛేంజీలు నగరములకొరకు నిర్మింపబడినవి. వానికి చల్లని గదులు, నిలకడగల విద్యుత్తు, దుమ్ములేని గాలి యవసరము. 1984లో స్థాపింపబడిన సి-డాట్ సంస్థ ఈ లోపమును గుర్తించి, 128 పోర్టులుగల చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించెను. 1986లో కర్ణాటకమునందలి కిట్టూరున తొలి యంత్రము నెలకొల్పబడెను. శీతలీకరణ యంత్రము లేకయే, సాధారణమైన గదిలో, మన యెండలకు తాళి పనిచేయుట దీని గొప్పతనము. తరువాతి పదియేండ్లలో ఇట్టి యంత్రములు దేశమంతట వ్యాపించెను. నగరమునకు వెలుపలి టెలిఫోను మాట నిలకడ పొందుటకును, ఆ తీగపై మోడెము కూయుటకును ఈ యంత్రములే పునాది వేసినవి.

3. ఇంటర్నెట్టు రాక

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మదరాసు నగరములలో ఇంటర్నెట్టు సేవను ప్రజలకు తెరచెను. ఆనాటి డయలప్ వేగము సెకనుకు 9.6 కిలోబిట్లు. తెలుగుదేశపు పల్లె నుండి ఆ సేవను పొందగోరువాడు దూరపు పిలుపు చేయవలెను. గంటసేపు మాటలాడిన రుసుము సామాన్యునికి మోయరానిది. కావున తొలి మూడేండ్లు ఇంటర్నెట్టు నగరముల సొత్తుగనే యుండెను.

1998 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రైవేటువారికి తలుపు తెరచెను. లైసెన్సులు మూడు తరగతులు. ‘ఏ’ తరగతి దేశమంతటికి. ‘బి’ తరగతి ఒక రాష్ట్ర పరిధికి లేదా మహానగరమునకు. ‘సి’ తరగతి టెలిఫోను శాఖ జిల్లా పరిధికి. బ్యాంకు హామీ వరుసగా 2 కోట్లు, 20 లక్షలు, 3 లక్షల రూపాయలు. లైసెన్సు రుసుము 2003 అక్టోబరువరకు మాఫీ. తరువాత సంవత్సరమునకు నామమాత్రముగా ఒక రూపాయి. ఈ యంకెలలో ‘సి’ తరగతి గమనింపదగినది. ఒక జిల్లా పట్టణమున నిద్దరు ముగ్గురు చదువుకొన్న యువకులు కలిసి, అప్పుచేసి, ఇంటర్నెట్టు సంస్థను నడపవచ్చునని ప్రభుత్వము తలచిన కాలమది.

2000 అక్టోబరు 1న భారత సంచార్ నిగమ్ ఏర్పడెను. దాని డయలప్ సేవ ‘సంచార్‌నెట్’ అను పేరున జిల్లాలకు వ్యాపించెను. 172తో మొదలగు ప్రత్యేక సంఖ్యలను ఇంటర్నెట్టు సేవలకు కేటాయించుటచే, వినియోగదారుడు దూరపు పిలుపు చేయనక్కరలేకయే జిల్లాలోని నోడును స్థానిక రుసుముపై చేరగలిగెను. కాకినాడ సంఖ్యను పంచుకొన్న యానామునకు దీనివలన గోదావరి జిల్లా ద్వారమే తెరచుకొన్నది. ఇంటర్నెట్టునకు పోవు దారి పుదుచ్చేరి మీదుగా పోవలసిన పని లేకపోయెను.

ఇచ్చట ప్రపంచ చరిత్రనుండి యొక పోలిక తీయవచ్చును. యానామును 1962 వరకు చట్టరీత్యా తన యధీనమున నుంచుకొన్న ఫ్రాన్సు, 1982లో ‘మినిటెల్’ అను వ్యవస్థను దేశవ్యాప్తముగా ప్రారంభించెను. టెలిఫోను చందాదారులకు ఒక చిన్న తెరగల యంత్రమును ఉచితముగా నిచ్చి, మామూలు టెలిఫోను తీగపైననే చిరునామాలు, రైలువేళలు, వర్తక సమాచారము అందించిరి. మోడెము వేగము దిగువకు సెకనుకు 1,200 బిట్లు, ఎగువకు 75 బిట్లు మాత్రమే. అయినను అది 2012 జూన్ 30 వరకు నడచెను. వేగము స్వల్పమైనను, యంత్రము ప్రతి యింటనుండి, నిర్వహణ నమ్మదగినదైన యెడల ప్రజలు దానిని వాడుదురనుటకు ఇది నిదర్శనము.

4. మోడెము చేయు పని

టెలిఫోను తీగ మనుష్యుని గొంతును మోయుటకు పుట్టినది. కంప్యూటరు మాటలాడునది సున్నలు, ఒకట్లు. ఈ యంకెలను ధ్వనిగా మార్చి తీగలోనికి పంపుట, అవతలినుండి వచ్చిన ధ్వనిని మరల అంకెలుగా మార్చుట మోడెము పని. పిలుపు కలిసినపుడు వినవచ్చు ఆ కీచుధ్వనులు వట్టి రొద గావు. రెండు మోడెములును తీగ బాగోగులను పరీక్షించుకొని, తాము ఏ వేగమున మాటలాడవలెనో నిర్ణయించుకొను సంభాషణ మది. తీగలో చప్పుడు హెచ్చినయెడల వేగమును తగ్గించుకొనును. మరింత హెచ్చిన తెగిపోవును.

వేగములు క్రమముగా పెరిగినవి. 1984 నాటి ప్రమాణము 9.6 కిలోబిట్లు, 1991లో 14.4; 1994లో 28.8, 1996లో 33.6, 1998లో 56. చివరి ప్రమాణమునకు ఒక నిబంధన కలదు. సేవాసంస్థ వైపు తీగ పూర్తిగా డిజిటల్ కావలెను. ధ్వనికిని అంకెలకును నడుమ మార్పు దారిలో ఒక్కచోటనే జరుగవలెను. గ్రామ ఎక్స్ఛేంజినుండి పట్టణమునకు పోవు మార్గమున పాత పద్ధతి పరికరము ఒక్కటి అడ్డుపడినను 56 దక్కదు, 33.6 లేదా అంతకు తక్కువయే గతి. కావున మోడెము పెట్టెపై అచ్చువేసిన యంకె యొకటి, పల్లెలో లభించిన వేగము మరియొకటి. పట్టణమున కొన్న వస్తువు పల్లెలో ఏల పనిచేయదని యడిగిన చందాదారునికి, లోపము అతని యంత్రమున లేదని నచ్చజెప్పుట సేవాసంస్థవారి దైనందిన కార్యములలో నొకటి.

5. సంచయ నిర్వహణము

గోదావరి డెల్టావాసులకు ఈ వ్యవస్థను బోధించుటకు కాలువ పోలిక చాలును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి డెల్టా రైతునకు తెలిసిన సత్యమిది: తలకాలువలో నీరెంత యున్నను, శివారు పొలమునకు చేరునది లస్కరు తలుపులు తిప్పు విధమునుబట్టి యుండును. అందరకు ఒకేసారి నీరీయలేనపుడు వంతులు పెట్టవలెను. గండి పడినచోట వెంటనే పూడ్చవలెను. మోడెముల సంచయమును కాపాడినవాడు ఆ లస్కరువంటివాడు.

సేవాసంస్థ కార్యాలయమున తొలుత మోడెములను బల్లలపై వరుసగా పేర్చెడివారు. ఒక్కొక్కదానికి ఒక టెలిఫోను తీగ, ఒక విద్యుత్ దిమ్మ, కంప్యూటరునకు ఒక తీగ. తరువాత ఒకే పెట్టెలో అనేక మోడెములను ఇమిడ్చిన యాక్సెస్ సర్వరులు వచ్చినవి. ఈ-1 అను డిజిటల్ తీగ యొక్కటి సెకనుకు 2.048 మెగాబిట్లు మోసి, ముప్పది పిలుపులను ఒకేసారి అందుకొనును. అందుచే ముప్పది యను సంఖ్య చిన్న సంస్థల జీవితమున ముఖ్యమైన కొలతయాయెను. ముప్పది యొకటవ పిలుపునకు ఎంగేజి టోను వినబడును.

చందాదారులందరును ఒకేసారి పిలువరు. పదిమందికి ఒక మోడెము చొప్పున నుండిన చాలునని ఆకాలపు వాడుక లెక్క. రాత్రి భోజనముల వేళకు ఈ లెక్క తారుమారగును. అప్పుడు సంస్థవారు రెండు సాధనముల నాశ్రయించెడివారు. కొంతసేపు ఏ సమాచారమును రాకపోకలు లేని పిలుపును తమంత తాము తెంపివేయుట యొకటి. ఒక్కసారి నిలిచియుండు కాలమునకు మితి విధించుట రెండవది. చందాదారుని పేరును, సంకేతపదమును సరిచూచి, అతని గంటలను లెక్కించి తగ్గించుటకు రేడియస్ అను పద్ధతి యుండెను. లెక్కలో నిమిషము తప్పినను తగవే. కావున సర్వరు గడియారమును సరిగా నుంచుటయు నిర్వాహకుని విధియే.

అన్నింటికంటె ఇబ్బంది పెట్టిన వ్యాధి వేరొకటి. ఒకే సంఖ్యకు అనేక తీగలను కలిపి, మొదటిది ఖాళీ లేనిచో రెండవదానికి, అది లేనిచో మూడవదానికి పిలుపును మరలించు ఏర్పాటును హంటింగు అందురు. ఒక మోడెము పనిలో నున్నయెడల పిలుపు దానిని దాటి పోవును. కాని ఒక మోడెము మొరాయించి, గంట మ్రోగుచున్నను ఎత్తకున్నయెడల, ఎక్స్ఛేంజికి ఆ తీగ ఖాళీగనే కనబడును. వచ్చిన ప్రతి పిలుపును దానికే పంపును. వెనుక ఇరువది మోడెములు ఖాళీగా నున్నను ఒక్కరికిని సేవ అందదు. అట్టి మోడెము వరుసలో మొదటిదైన యెడల ఆ రాత్రి సంస్థ మూతపడినట్లే. పూర్తిగా చెడిన యంత్రముకంటె సగము చెడిన యంత్రము ప్రమాదకరమని ఈ వృత్తివారు నేర్చుకొన్నది ఇచ్చటనే. దీనికి మందు యంత్రమున లేదు, అలవాటున నున్నది. ప్రతి ఉదయము ఒక్కొక్క తీగను విడివిడిగా పిలిచి చూడవలెను. పలుకని తీగను ఎంగేజిలో పెట్టి వరుసనుండి తప్పింపవలెను. ఏ మోడెము ఏ దినమున ఎన్నిసార్లు మొరాయించెనో పుస్తకమున వ్రాసికొనవలెను.

తలకాలువ సంగతియు నున్నది. ముప్పదిమంది 33.6 కిలోబిట్ల చొప్పున ఒకేసారి వాడినయెడల మొత్తము సుమారు 1,000 కిలోబిట్లు కావలెను. చిన్న సంస్థ అద్దెకు తీసికొనగలిగిన తీగ యొక్కొక్కచోట 64 కిలోబిట్లు మాత్రమే. సమముగా పంచిన ఒక్కొక్కరికి రెండు కిలోబిట్లకు కొంచెము పైన వచ్చును. అందుచే ఒకరు చూచిన పుటను దాచియుంచి మరియొకరికి అదే ప్రతిని ఇచ్చు స్క్విడ్ వంటి ప్రాక్సీ సర్వరులు వాడుకలోనికి వచ్చినవి. పరీక్షాఫలితములు వెలువడు దినమున ఒకే పుటను వందలమంది కోరుదురు. అట్టి దినములందు తలకాలువ ఇరుకును కొంత మరపించినది ఈ ఉపాయమే.

6. ఉప్పుగాలి, పిడుగు, తుపాను

ఇంతవరకు చెప్పినది గదిలోని పని. బయటి పని వేరు. ఎక్స్ఛేంజినుండి ఇంటివరకు పోవునది జంట రాగితీగ. సముద్రమునకును నదీముఖమునకును చేరువనున్న యానాము, కోరంగి, కోనసీమలవంటి చోట్ల గాలిలో ఉప్పు, నేలలో నీరు. అతుకువద్ద తేమ చేరినయెడల రాగి పచ్చబడును. మాటకు చిటపట వినబడును. మనుష్యుడు దానిని సహించి, ‘మరల చెప్పుడు’ అని యడిగి పని గడుపుకొనును. మోడెము అట్లు సహింపదు. తప్పు దొరలిన భాగమును మరల పంపుమని కోరుచు, వేగమును తగ్గించుకొనుచు, తుదకు తెగిపోవును. మాటకు బాగున్న తీగ మోడెమునకు బాగుండకపోవుటచే, ‘టెలిఫోను పనిచేయుచున్నది గదా’ అని లైన్‌మనును, ‘ఇంటర్నెట్టు రాదు గదా’ అని చందాదారుడును వాదులాడుకొనుట ఈ కాలపు నిత్యకృత్యము. ఇరువురి మాటయు నిజమే. తీగ నాణ్యతను చెవితో కొలుచు అలవాటునుండి యంత్రముతో కొలుచు అలవాటునకు టెలిఫోను శాఖ మారుటకు మోడెము ఒక కారణమాయెను.

వేసవి చివరి పిడుగులు మరియొక గండము. విద్యుత్ తీగనుండియు టెలిఫోను తీగనుండియు, రెండువైపులనుండి పిడుగుశక్తి మోడెమును చేరగలదు. సరియైన ఎర్తింగు లేని గదిలో ఒక్క మెరుపుతో మోడెములు వరుసగా కాలిపోవుట కలదు. మబ్బు పట్టినంతనే గోడనుండి రెండు తీగలను ఊడదీయుట జాగ్రత్తపరులైన చందాదారులకు అలవాటాయెను.

తుపానుల సంగతి చెప్పనక్కరలేదు. 1839 నవంబరునాటి ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టిన కథ ప్రసిద్ధము. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. కోనసీమయు, యానాము పరిసరములును మిక్కిలి దెబ్బతినెను. ఈ ప్రాంతమున ఇంటర్నెట్టు అడుగిడిన తీగలు అట్టి విధ్వంసమునకు గురియై మరల నిలబెట్టబడిన తీగలని మరువరాదు. స్తంభము మోసి, గొయ్యి త్రవ్వి, అతుకు వేసినవారి పేర్లు ఏ శిలాఫలకమునను లేవు.

7. పొరుగున జరిగిన ప్రయత్నములు

తీగను మాత్రమే నమ్మక వేరు దారులు వెదకినవారును కలరు. పుదుచ్చేరి ప్రాంతముననే 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ విల్లియనూరు కేంద్రముగా సమాచార గ్రామముల ప్రయోగమును ప్రారంభించెను. విల్లియనూరున డయలప్ ద్వారమున ఇంటర్నెట్టు నందుకొని, అచ్చటినుండి గ్రామములకు వి.హెచ్.ఎఫ్. రేడియోపై పంపిరి. వీరాంపట్టణమున అమెరికా నౌకాదళపు పుటలనుండి తీసిన అలల యెత్తును ధ్వనివర్ధకముద్వారా మత్స్యకారులకు వినిపించిరి. చదువురాని జాలరి సైతము ఇంటర్నెట్టు ఫలమును చెవితో పొందిన సందర్భ మది. కంప్యూటరు ముందు కూర్చుండినవారు ఒకరే యైనను ఊరెల్ల వినెను.

2000లో మధ్యప్రదేశమునందలి ధార్ జిల్లాలో ‘జ్ఞానదూత్’ ఆరంభమైనది. గ్రామ కేంద్రములు జిల్లా కార్యాలయపు సర్వరును డయలప్‌పై చేరునట్లు ఏర్పాటు. విద్యుత్తు నిలకడలేమియు, టెలిఫోను తీగల దుఃస్థితియు దానిని బాధించిన ప్రధాన లోపములు. తెలుగునాట 2002లో పశ్చిమగోదావరి జిల్లా యంత్రాంగము ఈ-సేవను మండలములకు విస్తరింపజేసి, కేంద్రముల నిర్వహణను మహిళా స్వయంసహాయక సంఘములకు అప్పగించెను. మదరాసు ఐ.ఐ.టి.లో రూపొందిన కార్‌డెక్ట్ పద్ధతి తీగ లేకయే మాటను, 35 లేదా 70 కిలోబిట్ల ఇంటర్నెట్టును ఒకేసారి అందించెను.

ఈ నాలుగింటిని పోల్చిచూచిన ఒక విషయము తేటపడును. సాంకేతిక పద్ధతులు వేరైనను, నిలిచినచోట నిలుచుటకు కారణము స్థానికముగా బాధ్యత వహించిన మనుష్యులుండుట. కూలినచోట కూలుటకు కారణము చెడినపుడు బాగుచేయు దిక్కు దూరముగా నుండుట. రాజధాని 870 కిలోమీటర్ల దూరముననున్న యూరివారు ఈ సత్యమును తేలికగా గ్రహింపగలరు.

8. సన్నని తీగపై తెలుగు

భాషాభిమానులకు ఈ చరిత్రలో ముఖ్యమైన భాగ మిది. యూనికోడు ప్రమాణమున తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. అయినను ఆచరణలోనికి వచ్చుటకు పదియేండ్లు పట్టినది. ఈలోపల ప్రవాసాంధ్రులు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతిని అనుసరించి తెలుగును రోమను లిపిలో వ్రాసికొనిరి. పత్రికలు తమ తమ సొంత అక్షరరూపములతో పుటలను వెలయించెను. ఆ ఫాంటు చేరనిదే పుట చదువుటకు వీలులేదు. 33.6 కిలోబిట్ల తీగ ఉత్తమస్థితిలో సెకనుకు 4,200 బైట్లు మోయును. నూరు కిలోబైట్ల ఫాంటు దిగుటకు సుమారు 24 సెకనులు. తీగ సగము వేగమున నున్నచో అందుకు రెట్టింపు. ఆంగ్లపాఠకునికి ఈ యెదురుచూపు లేదు.

యూనికోడు వాడిననూ భారము తప్పలేదు. ఇంటర్నెట్టున వాడు యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. ‘స్త్రీ’ అను ఒక్క యక్షరమున ఆరు సంకేతము లున్నవి; అనగా 18 బైట్లు. తీగ ఆంగ్లమున 4,200 అక్షరములు మోయు వ్యవధిలో తెలుగున 1,400 సంకేతములను మోయును. మోడెములలోని సంక్షేపణ పద్ధతి ఈ వ్యత్యాసమును కొంత తగ్గించినమాట నిజమే. అయినను సన్నని తీగ చివరనున్న పల్లె, బరువైన లిపిగల భాష, ఈ రెండును ఒకే పాఠకునిపై పడినవి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వెలువడిన తెలుగు అక్షరరూపమునకు ‘గౌతమి’ యని పేరిడుట, యానామును ఆనుకొని పారు నదినామము ప్రపంచమందలి కంప్యూటర్లలోనికి చేరుట, ఈ ప్రాంతమువారికి సంతోషకరమైన విషయము. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. అది డయలప్ తీగలు ఇంకను వాడుకలో నున్న కాలము. తెలుగు పుటలకు తొలి పాఠకులలోను, తొలి రచయితలలోను పలువురు మోడెము కూతను విని యెదురుచూచినవారే.

9. ముగింపు, ఫలితము

ఈ కాలమును స్వర్ణయుగముగా వర్ణించుట సత్యమునకు దూరము. 1999 మే నుండి స్థానిక పిలుపు కొలత ఐదు నిమిషములనుండి మూడు నిమిషములకు తగ్గుటచే గంటకు ఇరువది యూనిట్లు పడెను; సేవాసంస్థ గంటల రుసుము దానికి అదనము. ఇంటర్నెట్టు వాడుచున్నంతసేపు ఇంటికి వేరు పిలుపు రాదు. కంప్యూటరు కొనగలిగిన యిండ్లు అల్పము. సామాన్యుడు దీనిని చూచినది బజారులోని ఇంటర్నెట్టు కేంద్రములయందే. సంస్థల స్థితియు బాగుండలేదు. పిలుపు రుసుము టెలిఫోను యజమానికి చేరును. మోడెములు, అద్దెతీగ, ఫిర్యాదులు మాత్రము సేవాసంస్థవి. లైసెన్సు పొందినవారిలో పలువురు సేవ నారంభింపనేలేదు. 2004 అక్టోబరులో బ్రాడ్‌బ్యాండు విధానము వెలువడి 256 కిలోబిట్లను కనీస వేగముగా నిర్ణయించెను. 2005 జనవరి 14న భారత సంచార్ నిగమ్ బ్రాడ్‌బ్యాండు సేవ ప్రారంభమాయెను. అదే రాగితీగపై, మాటకు మించిన పౌనఃపున్యములను వాడు ఆ పద్ధతి ముందు మోడెముల సంచయములు నిలువలేకపోయెను. 2016 డిసెంబరులో కోనసీమయందలి మోరి గ్రామమునకు ఫైబరు చేరెను. డయలప్‌నకు మారుపేరుగా నిలిచిన అమెరికా సంస్థ ఎ.ఒ.ఎల్. సైతము 2025 సెప్టెంబరు 30న ఆ సేవను ముగించెను.

పోయిన యంత్రమునకై విలపించుట వ్యర్థము. కాని దానితోపాటు పోవుచున్నదానిని గుర్తింపవలెను. 2020 జనవరి 31న భారత సంచార్ నిగమ్‌నుండి సుమారు 78,500 మంది ఉద్యోగులు స్వచ్ఛంద విరమణపై ఒక్కదినముననే వెడలిపోయిరి. ఏ స్తంభమువద్ద అతుకు చెడునో, ఏ వీధిలో వాననీరు కేబులులోనికి దిగునో, 1996 తుపాను తరువాత ఏ తీగను ముందు నిలబెట్టిరో తెలిసిన తరములో చాలమంది ఆనాడు వెడలిరి. ఎక్స్ఛేంజి ఫిర్యాదుల పుస్తకములు, సంచయములవద్ద వ్రాసిన దినచర్యలు చరిత్రకు ఆధారములని ఎవరును తలపలేదు. ఫ్రెంచివారి సంధిపత్రములు భద్రముగా నున్నవి. మన తీగల చరిత్రకు సాక్ష్యము మనుష్యుల జ్ఞాపకమున మాత్రమే యున్నది.

కావున తెలుగు సంఘములు, పాఠశాలలు చేయదగిన పని యొకటి కలదు. తమ తమ యూళ్లలో టెలిఫోను శాఖలోను, చిన్న ఇంటర్నెట్టు సంస్థలలోను, బజారు కేంద్రములలోను పనిచేసినవారు ఇంకను ఉన్నారు. విద్యార్థులచేత వారివద్దకు పోయి అడిగింపవలెను. వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాయింపవలెను. తేదీలను, పేర్లను, యంత్రముల రకములను గుర్తింపవలెను. ఇందుకు ధనము అక్కరలేదు, ఓపిక చాలును. యానామువంటి యూరు, రాజధానికి దూరమై, భాషకు చేరువయై యుండుట వలన ఈ పనికి మిక్కిలి తగినది. ఏ ప్రభుత్వమున నున్నను తెలుగువారిని తెలుగువారితో కలిపినది 0884 అను నాలుగంకెల తీగ. దానిని కాపాడినవారి మాట మన పుస్తకములలోనికి ఎక్కించుట మన విధి.